మా కాలనీలో నార్మల్

"నార్మల్" అని చెప్పి నేను మా కాలనీలో చాలామంది మనసు కష్టపెట్టాను. వేరే ఊళ్ళలో డాక్టరు ఆ మాట అంటే జనం చేతులెత్తి దండం పెడతారట. గోదావరిఖనిలో, మేము బాయి అని పిలిచే బొగ్గు గని పనివాళ్ళ క్వార్టర్లలో, యాభై దాటిన మనిషికి బీపీ చూసి "నార్మల్ కాకా" అంటే ఆయన ముఖం మాడిపోతుంది. "ఇంకోపారి చూడు బిడ్డా" అంటాడు. ఇంకోసారి చూసినా అంతే వస్తే, మిషన్ పాతదా అని అడుగుతాడు.

కారణం ఇక్కడ అందరికీ తెలిసిందే. బొగ్గు బాయిలో పనిచేసే మనిషిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే, ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చే వీలుంది. మా వరుసలో ప్రతి మూడు ఇళ్ళకూ ఒక ఇంట్లో ఇంజనీరింగ్ చదివి, అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకునే కొడుకు ఉన్నాడు. వాడి కోసం తండ్రికి ఏదో ఒకటి ఉండాలి. గుండెలో అయినా సరే, వెన్నులో అయినా సరే. అందుకని మా దగ్గర ఆరోగ్యంగా ఉండటం కొంచెం మొహమాటమైన విషయం.

మా పక్క క్వార్టర్లో ఉండే కాక మా నాన్నతో, అంటే బాపుతో పాటు ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో పనిచేసేవాడు. నేను ఎంబీబీఎస్ రెండో సంవత్సరంలో ఉండగానే ఒక ఆదివారం వచ్చి మా వరండాలో ఆయాసం చేసి చూపించాడు. భుజాలు ఎగరేసి, కళ్ళు తేలేసి, గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేశాడు.

"ఎట్లున్నది? బోర్డు ముంగట గిట్ల చేస్తే నడుస్తదా?"

"కాకా, ఆయాసం వచ్చినోళ్ళు ఒక్కో మాటకు ఆగి ఊపిరి తీసుకుంటరు. నువ్వు ఊపిరి తియ్యకుండ అంత పొడుగు ముచ్చట చెప్పినవ్."

ఆయన గోడ వదిలేశాడు. "అయితే మాటలు తగ్గియ్యాలె అంటవ్" అని నా విమర్శను సలహాగా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన రక్తపోటు, ఆయన నాడి, ఆయన మోకాళ్ళు అన్నీ నార్మల్ అని నేను మూడుసార్లు చెప్పాక, వాళ్ళింటి నుంచి మాకు కరివేపాకు రావడం ఆగిపోయింది.

నార్మల్ అంటే సంతోషపడే మనిషి మా వరుసలో ఒక్కడే ఉండేవాడు. మా బాపు. ఆయనకు అన్‌ఫిట్‌తో పని లేదు. ఉన్నది నేనొక్కదాన్నే, నేనేమో డాక్టరీ చదువుతున్నాను. కాబట్టి ఆయన నిశ్చింతగా ఆరోగ్యంగా ఉండొచ్చు. నేను అలాగే అనుకున్నాను.

బాపు పని బాయిలో పైకప్పుకు బోల్టులు వేయడం. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా ముందు బండలోకి డ్రిల్లు పెట్టి రంధ్రాలు చేయాలి. డ్రిల్లు పైకి ఎత్తి పట్టుకుంటాడు కాబట్టి దుమ్మంతా ముఖం మీదే పడుతుంది. ముప్పై ఏళ్ళకు తక్కువ కాకుండా ఆ పనే చేశాడు. "కప్పు నేను కడ్తేనే మిగిలినోళ్ళు కింద నిలవడ్తరు" అని పెళ్ళిళ్ళలో కూడా చెప్పేవాడు. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు.

మెడికల్ కాలేజీ మా ఊళ్ళోనే రావడంతో నేను ఇంటి నుంచే వెళ్ళేదాన్ని. హాస్టల్ పిల్లలకు దీని వల్ల ఒక లాభం, నాకు ఒక నష్టం కలిగాయి. లాభం నా టిఫిన్ డబ్బా. నష్టం ఏమిటో నాకు రెండేళ్ళ వరకు తెలియలేదు.

రెండో సంవత్సరంలో వార్డులకు పంపడం మొదలుపెట్టగానే స్టెతస్కోపు కొన్నాను. ఇంటికి తెస్తే అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టలేదు, మేము చర్చికి పోయేవాళ్ళం. దాని బదులు పాస్టరు గారి చేత ప్రార్థన చేయించింది. స్టెత్ కోసం ప్రార్థన చేయడం ఆయనకు కూడా కొత్తే. ఏ మాటలు వాడాలో తెలియక, వాహనాలకు చేసే ప్రార్థన చేశాడు. దేవుడా, దీని ప్రయాణాలన్నిటిలో తోడుండు అన్నాడు.

ఆ మరుసటి ఆదివారమే బాపు స్నానం చేసి, బనీను వేసుకోకుండా వచ్చి వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు.

"నా మీద నేర్సుకో బిడ్డా" అన్నాడు.

నేను చాలా సంతోషించాను. హాస్టల్లో పిల్లలు ఒకరి ఛాతీ మీద ఒకరు నేర్చుకునేవాళ్ళు. నాకు ఇంట్లోనే ఒక పెద్ద, కదలని, విసుక్కోని ఛాతీ దొరికింది. పుస్తకం పక్కన పెట్టుకుని పై నుంచి కింది దాకా విన్నాను. ఊపిరి పీల్చినప్పుడు ఎండుటాకులు కదిలినట్టు మెత్తగా వినబడాలని పుస్తకం. వినబడింది. ఛాతీ కింది భాగాల్లో, ఊపిరి పూర్తిగా పీల్చే చివరి క్షణంలో, ఆ మెత్తని చప్పుడుతో పాటు సన్నగా చిటపటమని ఇంకో చప్పుడు కూడా వినబడింది. మూకుడులో పేలాలు వేగుతుంటే పక్క గదిలోకి వినబడినట్టు. పుస్తకంలో నార్మల్ శ్వాస గురించి రాసిన పేజీలో ఈ చివరి చప్పుడు లేదు. పుస్తకం రాసినవాళ్ళకు వర్ణన సరిగా చేతకాలేదని అనుకున్నాను.

"ఎట్లున్నది?" అన్నాడు బాపు.

"నార్మల్ బాపు."

"పక్కానా?"

"పక్కా."

ఆయన బనీను వేసుకుని చాలా సేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి, ఏనాడూ లేనిది, అమ్మకు ఉల్లిగడ్డలు కోసిచ్చాడు.

నేను మరీ తేలిగ్గా నమ్మేదాన్ని కాదు. ఒక్క మనిషిని విని నిర్ణయానికి రాకూడదని క్లాసులో చెప్పారు. అందుకని ఆ సాయంత్రం పేకాటకు వచ్చిన బాపు దోస్తులు నలుగురిని వరసగా కూర్చోబెట్టి విన్నాను. పక్కింటి కాక తప్ప మిగిలిన ముగ్గురూ డ్రిల్లు పట్టినవాళ్ళే. ఆ ముగ్గురిలోనూ అదే చిటపట, ఒకరిలో కొంచెం ఎక్కువ, ఒకరిలో కొంచెం తక్కువ. కాక ఛాతీలో మాత్రం చివర ఏమీ వినబడలేదు. కాక సరిగా ఊపిరి పీల్చడం లేదని రెండుసార్లు కసురుకున్నాను. నోట్‌బుక్కులో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను: "ఊపిరి పీల్చే చివర కింది భాగాల్లో సన్నని చిటపట. నార్మల్." దాని కింద రెండు గీతలు గీశాను.

అమ్మను కూడా వింటానన్నాను. "నాకేమైంది, పో. చారు పొంగుతున్నది" అంది. అమ్మ ఎప్పుడూ ఏదో ఒకటి పొంగుతున్న చోటే ఉండేది.

ఆ నార్మల్‌తో నేను ధైర్యంగా కాలేజీకి వెళ్ళాను. ఒకరోజు హాస్టల్లో ఉండే నా స్నేహితురాలు తన ఛాతీ వినమంటే విన్నాను. శ్వాస మెత్తగా మొదలై మెత్తగానే అయిపోయింది. చివర ఏమీ లేదు. మళ్ళీ విన్నాను. లేదు. నేను చాలా జాగ్రత్తగా, ఆమె భయపడకుండా, "నీకు కింద గాలి సరిగ్గా చేరడం లేదేమోనే" అన్నాను. ఆమె ఖమ్మం వైపు పిల్ల. వాళ్ళ నాన్నకు మిరప తోట. వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఎక్స్‌రే తీయించుకుంది. అందులో ఏమీ లేదని చెప్పారు. ఎక్స్‌రేలో అన్నీ కనబడవు కదా అని నేనే ఆమెను ఓదార్చాను. ఆమె ఇప్పటికీ నా స్నేహితురాలే, అది ఆమె మంచితనం.

ఇంట్లో ఆదివారం పరీక్ష అలవాటైపోయింది. ప్రతి ఆదివారం కాకపోయినా, నెలకు రెండుసార్లయినా బాపు స్నానం చేసి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. నేను వినేదాన్ని. "ఎట్లున్నది?" అనేవాడు. "నార్మల్" అనేదాన్ని. కూతురు చదువు మీద ఈయనకెంత ప్రేమో అని మురిసిపోయేదాన్ని. మెట్లెక్కితే ఆగుతున్నాడని, పొద్దున దగ్గుతున్నాడని అమ్మ అంటే, "బీడీ మానమని నువ్వే చెప్పు" అని అమ్మ మీదికే తోసేదాన్ని. నాకు అప్పుడు పరీక్షలు ఎప్పుడూ దగ్గర్లోనే ఉండేవి.

ఫైనల్ ఇయర్‌లో మెడిసిన్ వార్డులో ఒక పొద్దున మా ప్రొఫెసర్ మేడమ్ నన్ను ఒక పేషెంటు దగ్గర నిలబెట్టింది. ఆయన బసంత్‌నగర్ అవతల రాళ్ళు కొట్టే పని చేసే మనిషి. ఆయాసమని చేరాడు. మేడమ్‌ది కృష్ణా జిల్లా. కోప్పడదు, గొంతు పెంచదు. అందుకే ఆమె అంటే అందరికీ భయం.

"వీపు వైపు విని చెప్పమ్మా."

విన్నాను. మెత్తని శ్వాస, చివర చిటపట. బాగా తెలిసిన చప్పుడు. ఇంటికి వెళ్ళినట్టే అనిపించింది.

"నార్మల్, మేడమ్."

"మళ్ళీ విను."

మళ్ళీ విన్నాను. "నార్మలే, మేడమ్."

"ఊపిరి చివర ఏమీ వినబడలేదా?"

"వినబడింది మేడమ్. చిటపట. అది మామూలుగా ఉండేదే కదా."

వెనక ఎవరో నవ్వారు. మేడమ్ నవ్వలేదు. నా ముఖంలోకి చూసి, "నార్మల్ ఎవరి మీద నేర్చుకున్నావు?" అంది.

"మా నాన్న మీద, మేడమ్."

"ఏం చేస్తారు ఆయన?"

"అండర్‌గ్రౌండ్‌లో. కప్పుకు డ్రిల్లు పెడతారు."

ఆ తర్వాత వార్డులో ఎవరూ నవ్వలేదు. మేడమ్ నా చేతిలోంచి స్టెత్ తీసుకోలేదు. హాస్టల్ స్నేహితురాలిని పిలిచి నా ముందు వెనక్కి తిప్పి నిలబెట్టింది. "ఇప్పుడు ఈ అమ్మాయిని విను" అంది. విన్నాను. మెత్తగా మొదలై మెత్తగానే అయిపోయింది. చివర ఏమీ లేదు.

"ఇది నార్మల్" అంది మేడమ్. "ఆ పేషెంటుది, ఊపిరితిత్తులు అడుగు నుంచి గట్టిపడుతుంటే వచ్చే చప్పుడు. రాతి దుమ్ము ఏళ్ళ తరబడి లోపలికి పోతే అలా అవుతుంది. పోయిన మెత్తదనం తిరిగి రాదు. దుమ్ములోకి పోవడం మానేస్తే అక్కడితో ఆగే అవకాశం ఉంటుంది. మానకపోతే ఇంకా త్వరగా పెరుగుతుంది." ఇదంతా ఆమె క్లాసుకే చెప్పినట్టు చెప్పింది, కానీ నన్నే చూస్తూ చెప్పింది. తర్వాత పక్క మంచానికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆ పక్క మంచం మీద ఎవరున్నారో, ఏ జబ్బో, ఇప్పటికీ నాకు గుర్తు లేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ దగ్గరికి వెళ్ళి పొయ్యి ఆర్పేశాను. "ఏందే?" అంటుంటేనే వీపు మీద స్టెత్ పెట్టాను. అమ్మ మా చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. మిగిలినవాళ్ళు మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకునే చోట ఆమె తీసుకోదు. లోపల చిన్న చప్పుడు కూడా లేకుండా శ్వాస అడుగు దాకా వెళ్ళి వచ్చింది. నా ఇంట్లో ఉన్న ఒక్క నార్మల్ ఛాతీని నేను రెండేళ్ళు చారు పొంగుతున్నదని వదిలేశాను.

మొదటి షిఫ్టు దిగి బాపు వచ్చాడు. స్నానం చేశాడు. ఆదివారం కాకపోయినా కూర్చోమన్నాను. విన్నాను. ఇప్పుడు ఆ చిటపట వీపు సగం దాకా వచ్చింది. రెండేళ్ళ కింద కేవలం అడుగున ఉండేది. పెరుగుతుంటే పెరుగుతున్నదని కూడా నాకు తెలియలేదు. ప్రతిసారీ విన్నాను, ప్రతిసారీ నార్మల్ అని టిక్కు పెట్టాను.

"ఎట్లున్నది?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్వలేదు. "దవాఖానకు పోదాం బాపు, మా మేడమ్‌కు చూపిద్దాం" అన్నాను. దుమ్ము సంగతి చెప్పాను. బాయి దిగడం మానాలని, పైన డ్యూటీ అడగాలని చెప్పాను.

ఆయన అంతా విని, "అందరికి గట్లనే ఉన్నదంటివి గదా" అన్నాడు.

"అందరికీ అదే జబ్బు బాపు."

"మరి అందరు చేస్తలేరా డ్యూటీ?"

 పదవీ విరమణకు ఆయనకు ఇంకా మూడేళ్ళు ఉంది. పైన డ్యూటీ అంటే ఆయన దృష్టిలో ఆడపిల్లను అత్తారింటి నుంచి తిరిగి పంపించడం లాంటిది. "పైన నేనేం జేస్త? గేటు కాడ కూసోని ఈగలు కొట్టుకోవాల్నా? నేను కట్టే కప్పు ఇంకోడు వచ్చి కట్టాల్నా?" అని, బనీను వేసుకుని, పేకాటకు పోయాడు.

మర్నాటికి సంగతి వరుసంతా తెలిసింది. పక్కింటి కాక వచ్చి వరండా గట్టు మీద కూలబడ్డాడు. ఆయన ఛాతీ శుభ్రంగా ఉందని, ఆ రోజు చివర ఏమీ వినబడకపోవడానికి కారణం ఆయన ఊపిరి సరిగా పీల్చకపోవడం కాదని నేను ఆయనకు చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు.

"సూడు బిడ్డా దేవుని లెక్క" అన్నాడు. "నాకు కొడుకున్నడు, రోగం లేదు. మీ బాపుకు రోగమున్నది, కొడుకు లేడు." తర్వాత, "మా వాడి మీద ఒట్టు, నేను గీ మాట నవ్వులకు అంటలే" అన్నాడు. ఆ రోజు సాయంత్రం కరివేపాకు వచ్చింది.

నేను ఏడాది పాటు అడుగుతూనే ఉన్నాను. మంచిగా అడిగాను, కోపంగా అడిగాను, రెండు వారాలు మాట్లాడడం మానేసి అడిగాను. అమ్మ ఉపవాస ప్రార్థన పెట్టింది. బాపు దేనికీ ఎదురు చెప్పలేదు, దేనికీ ఒప్పుకోలేదు. పొద్దున్నే లేచి డబ్బా పట్టుకుని బాయికి పోయేవాడు. నేను ఫైనల్ పరీక్ష రాశాను. పాసయ్యాను. హౌస్‌సర్జన్‌నయ్యాను. ఎవరి ఛాతీ అయినా విని సరిగ్గా చెప్పగలను, మా ఇంట్లో వినేవాడు లేడు.

మా కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలకు ముందు హౌస్‌సర్జన్ల మీద ఒక పని పడుతుంది. పరీక్షకు పేషెంట్లను పోగు చేయాలి. వాళ్ళను "కేసులు" అంటారు. ఒక్కో విద్యార్థికి ఒక్కో కేసు. విద్యార్థి ఆ మనిషిని అడిగి, పరీక్షించి, జబ్బేమిటో చెప్పాలి. కేసులు ముందే జబ్బు పేరు చెప్పకూడదు. కానీ కొన్నేళ్ళుగా వస్తున్న కేసులకు తమ జబ్బు ప్రొఫెసర్లకంటే బాగా తెలుసు. పిల్లల భయం చూడలేక చెవిలో చెప్పేస్తారు. ఒక ముసలాయన మా బ్యాచ్‌లో నాకే చెప్పాడు, "నా గుండెల ఎడమ దిక్కు పైన వాల్వు సన్నబడ్డది, నువ్వు కిందనే ఎతుకుతున్నవ్ బిడ్డా" అని. కాబట్టి హౌస్‌సర్జన్లు తెర పక్కన నిలబడి కేసుల నోరు అదుపులో పెట్టాలి.

ఈసారి ఊపిరితిత్తుల కేసుకు కుదిరిన మనిషి పరీక్షకు మూడు రోజుల ముందు, చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ ఉందని మంథని వైపు వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే డీజే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. మేడమ్ నన్ను పిలిచి ఇంకో కేసు చూడమంది. నన్నే ఎందుకు పిలిచిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంటికి వెళ్ళి బాపుతో అన్నాను. జబ్బు మాట ఎత్తలేదు. "పరీక్షకు కేసు దొరుకుతలేదు బాపు. కేసు లేకపోతే ఒక పిల్లకు ఇబ్బంది" అన్నాను.

బాపుకు పరీక్ష అన్న మాట మీద విపరీతమైన గౌరవం. నేను పదో తరగతి నుంచి రాసిన ప్రతి పరీక్షకూ ఆయన టీవీ ఆపేసి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంట్లోకి వచ్చిన మనిషి. వెంటనే లేచాడు. "ఎన్నడు రావాలె?" అన్నాడు. "ముందురోజు చేరాలె. ఎక్స్‌రే, స్కాను తీస్తరు. కేసుకు అన్ని కాగితాలు ఉండాలె" అన్నాను. "పిల్లకు పనికొస్తదంటే చేరుత. లీవు పెడ్త" అన్నాడు. ఏడాది పోరాడి సాధించలేనిది, ఎవరో ముక్కూ ముఖం తెలియని పిల్ల పరీక్ష సాధించింది. నాకు కొంచెం ఒళ్ళు మండింది కూడా.

ముందురోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ప్లాస్టిక్ కవరుతో వచ్చాడు. స్కాను తీశారు. మేడమ్ చూసి, ఆయన ఎదురుగా కూర్చుని, వార్డులో ఆ రోజు చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఇక దిగకూడదని చెప్పింది. బాపు తల ఊపాడు. "రేపు పరీక్ష కానియ్యిండి మేడమ్" అన్నాడు. మేడమ్ వెళ్ళాక కవరులోంచి నాలుగు మడతల కాగితం తీసి నాకిచ్చాడు.

"డాక్టర్లు పాత కాగితాలు అడుగుతరన్నవ్ గదా. పిల్లకు పనికొస్తదేమో సూడు."

అది మా బాపుకు పని దగ్గర జరిగిన వైద్య పరీక్ష చీటీ. ఎక్స్‌రేలో అడుగు భాగాల్లో అనుమానం ఉంది, స్కాను తీయించుకుని పదిహేను రోజుల్లో తప్పక వచ్చి కలవాలి అని రాసి ఉంది. కింద ఎర్ర సిరాతో గీత కూడా ఉంది. తారీఖు చూశాను. నేను స్టెతస్కోపు కొన్న వారమే.

"బాపు, ఇది మూడేండ్ల కిందటిది. ఎందుకు పోలే?"

"రెండుసార్లు మనిషిని పంపిన్రు. ఊరికి పోయిన అని చెప్పిచ్చిన."

"ఎందుకు?"

ఆయన మంచం పట్టీ మీద గోరుతో గీస్తూ కూర్చున్నాడు. చాలా మామూలుగా అన్నాడు. "భయమైంది బిడ్డా. గప్పుడే నువ్వు మిషిన్ కొనుక్కొస్తివి. ముందుగాల నా బిడ్డనే సూడని, తర్వాత పోదామనుకున్న. నువ్వు నార్మల్ అంటివి. ఇగ ఫికర్ లేదనుకున్న."

ఆ రెండేళ్ళూ ఆయన నేర్చుకోమని నాకు ఛాతీ ఇవ్వలేదు. అడుగుతూ వచ్చాడు. నెలకు రెండుసార్లు, స్నానం చేసి, పేషెంటులా కూర్చుని అడిగాడు. నేను నెలకు రెండుసార్లు జవాబు చెప్పాను. నేను చూసిన మొదటి పేషెంటు మా బాపు, ఆయనకు నేను చెప్పింది తప్పు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. "తప్పు చేసిన బాపు" అన్నాను. ఆయన కంగారుపడి, చుట్టూ చూసి, "మెల్లగ, మెల్లగ. డాక్టరమ్మవు, గట్ల అనద్దు ఇక్కడ" అన్నాడు.

మర్నాడు పరీక్ష. బాపుకు దక్కిన పిల్ల సన్నగా, ఏప్రాన్ భుజాలు జారిపోతూ వచ్చింది. నేను తెర పక్కన నా డ్యూటీలో నిలబడ్డాను. ఆమె పుస్తకంలో ఉన్న వరసలోనే మొదలుపెట్టింది. పేరు అడిగింది, వయసు అడిగింది.

"ఏం పని చేస్తరు?"

"మొన్నటిదాంక బాయిల డ్రిల్లు పట్టిన" అన్నాడు బాపు. "ఇగ దిగ. పైన డ్యూటీ అడిగి కాగితం పెడ్త. గేటు కాడ ఏస్తరేమో. రాసుకో."

ఆ పిల్ల రాసుకుంది. ఆమెకు అది కాగితం మీద ఒక లైను మాత్రమే. ఆ మాట ఆయన నాతో అనలేదు, అమ్మతో అనలేదు, మేడమ్‌తో అనలేదు. పరీక్షలో అడిగారు కాబట్టి నిజం చెప్పాడు.

తర్వాత ఆమె వీపు మీద స్టెత్ పెట్టింది. పైన విన్నది, కింద విన్నది, మళ్ళీ పైన విన్నది. ముఖంలో ఏమీ తేలలేదు. పెన్ను కాగితం మీద పెట్టి ఆగింది. ఆ ఆగడం ఏమిటో నాకు తెలుసు. పెన్ను ఏ మాట వైపు కదులుతున్నదో కూడా తెలుసు.

బాపు మెడ తిప్పి, గొంతు తగ్గించి అన్నాడు. "నార్మల్ అని రాయకు బిడ్డా. ఊపిరి పూరా తీసుకుంట, ఆఖరుకు విను. కింద రెండు దిక్కుల. సన్నగ చిటపట అంటది. తొందరపడకు, నేను ఎన్నిసార్లంటే అన్నిసార్లు తీస్త."

ఊపిరి పీల్చాడు. వదిలాడు. మళ్ళీ పీల్చాడు. మధ్యలో దగ్గొచ్చింది, ఆపుకున్నాడు. నాలుగోసారికి ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. వినబడిందని బాపుకు తెలిసింది.

"ఆఁ, గదే" అన్నాడు. "యాదికుంచుకో. మీ ఇంట్లోళ్ళను కూడ విను."

కేసులు విద్యార్థులకు ఏమీ చెప్పకుండా చూడటం ఆ రోజు నా డ్యూటీ. నేను తెర ఇంకొంచెం దగ్గరికి లాగి, ఎవరైనా వస్తున్నారేమోనని వరండా వైపు చూస్తూ నిలబడ్డాను.